రాని నీళ్ళకు మొదటి ర్యాంకు

చింతలవాగు పురపాలక సంఘానికి ఒక వెబ్‌సైట్ ఉందన్న సంగతి ఆ ఎండాకాలం దాకా పురపాలక సంఘానికే తెలియదు. ఎవరో ఎప్పుడో పెట్టించారు. తెరిస్తే, ఏనాడో రిటైరైపోయిన కమిషనర్ గారొకాయన చేతులు జోడించి నవ్వుతుండేవారు. ఆయన కింద ‘త్వరలో’ అనే ఒక్క మాట ఆరుతూ వెలుగుతూ ఉండేది. ఏది త్వరలోనో ఎవరూ అడగలేదు.

అలాంటి రోజుల్లో రాజధాని నుంచి సర్క్యులర్ దిగింది. రాష్ట్రంలోని పురపాలక సంఘాలన్నిటికీ వెబ్‌సైట్ల పోటీ. రోడ్లు చూడరు, కాలువలు చూడరు, చెత్త ఎత్తారో లేదో చూడరు. నెట్‌లో వెతుక్కుంటూ ఎంతమంది ఆ సైట్‌కు వచ్చారు, వచ్చినవాళ్ళు ఎంతసేపు ఉన్నారు, అవి మాత్రమే చూస్తారు. మొదట నిలిచిన ఊరి కమిషనర్‌కు రాజధానిలో పెద్ద వేదిక మీద సన్మానం.

మా కమిషనర్ చిదంబరేశ్వరరావు గారు ఆ సర్క్యులర్ చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. ఆయన ఉత్తర్వులు రాసే భాషలోనే మాట్లాడేవారు. ఇంట్లో భోజనానికి కూర్చుని కూడా “సదరు పప్పులో ఉప్పు విషయమై తగు చర్య తీసుకొనవలసి యున్నది” అంటారని ఆయన డ్రైవరు చెప్పేవాడు. నేను పూర్తిగా నమ్మను గానీ కొట్టిపారేయలేను.

ఆ మర్నాడే హైదరాబాదు నుంచి రిత్విక్ అనే కన్సల్టెంటును పిలిపించారు. సైట్‌లో తెలుగు రాయడానికి జనన మరణాల విభాగంలో సీనియర్ అసిస్టెంటుగా ఉన్న పరాంకుశాన్ని వేశారు. పరాంకుశం మా పక్కింటాయన. ఆఫీసులో ఎవరు వచ్చినా స్వాగతపత్రం, ఎవరు వెళ్ళినా వీడ్కోలుపత్రం ఆయనే రాసేవాడు. ఇద్దరికీ ఒకే పత్రం సరిపోయేలా రాయగల నేర్పు ఉన్నవాడు. ఈ కథంతా ఆయన తమ అరుగు మీద కూర్చుని చెప్పిందే.

మీటింగ్ హాల్లో అందరూ కూర్చున్నాక రిత్విక్ లేచి తెర ముందు నిలబడ్డాడు.

“సార్, సైట్ అంటే ఇల్లు లాంటిది. ముందు వసారా, తర్వాత హాలు, ఆ తర్వాత గదులు. వచ్చినవాళ్ళకి ఏది ఎక్కడుందో తెలియాలి. సెర్చ్ ఇంజన్‌కి కూడా తెలియాలి. మీ ఊరి జనం ఏ మాటలు కొట్టి వెతుకుతున్నారో ముందు చూద్దాం. ఒక్కో ప్రశ్నకి ఒక్కో పేజీ. ఆ పేజీలో వాళ్ళకి కావలసిన జవాబు. అంతే సార్.”

ఆ హాల్లో ఆ రోజు పుట్టిన తెలివైన మాట అదొక్కటే. తర్వాత ఆ అబ్బాయికి కూడా అలాంటి మాట అనే అవకాశం మళ్ళీ రాలేదు.

చింతలవాగు జనం వెతికేవన్నీ తెర మీద పడ్డాయి. ‘చింతలవాగు నీళ్ళు ఎప్పుడొస్తాయి.’ ‘చింతలవాగు నీళ్ళు రాలేదు.’ ‘కుళాయి నీళ్ళు ఎందుకు రావట్లేదు.’ ‘మున్సిపాలిటీ వాళ్ళు ఉన్నారా పోయారా.’ చివరిదాన్ని రిత్విక్ పైకి చదవకుండా దాటేశాడు గానీ, అక్షరాలు పెద్దవి కావడం వల్ల వెనక వరుస వాళ్ళక్కూడా కనిపించింది.

కమిషనర్ గారు నీటి విభాగం ఏఈ కరీమున్నీసా వైపు తిరిగారు. “నీళ్ళు ఎప్పుడు వచ్చును?”

“చెప్పలేం సార్. కొండ మీద ట్యాంకు దగ్గర మెయిన్ వాల్వు పాడైంది. లోపల బిళ్ళ ఊడి అడ్డంపడింది. అది కదిలితే నీళ్ళు దిగుతాయి, కదలకపోతే లేదు. కొత్త వాల్వు కావాలని ఫైలు పెట్టాను. మీ బల్ల మీదే ఉంది.”

“సదరు ఫైలు పరిశీలనలో ఉన్నది. ప్రస్తుత అజెండా వెబ్‌సైట్.”

“మరి జవాబు లేకుండా పేజీ ఎట్లా సార్?” అన్నాడు రిత్విక్, పాపం అమాయకంగా.

కమిషనర్ గారు అతన్ని జాలిగా చూశారు. “జవాబు లేకుండా ఈ కార్యాలయము ఇన్నేళ్ళుగా నడుచుచున్నది. ఒక పేజీ నడవదా?”

దానితో సైట్ నిర్మాణం మొదలైంది. గోడంత చార్టు గీశారు. పైన ‘నీళ్ళు’. దాని కింద రెండు కొమ్మలు: వచ్చే నీళ్ళు, రాని నీళ్ళు. వచ్చే నీళ్ళ కింద రాయడానికి ఏమీ దొరక్కపోవడంతో ఆ కొమ్మను అక్కడికక్కడే కొట్టేశారు. రాని నీళ్ళ కొమ్మ మాత్రం ఏపుగా పెరిగింది. ఉదయం రాని నీళ్ళు, సాయంత్రం రాని నీళ్ళు, పెళ్ళి ముహూర్తానికి రాని నీళ్ళు, ఎదురింటికి వచ్చి మనింటికి రాని నీళ్ళు, వస్తున్నట్టు చప్పుడు చేసి రాని నీళ్ళు. మళ్ళీ వీటన్నిటికీ వార్డువారీగా పిల్లపేజీలు.

పరాంకుశం మొదటి పేజీ రాసి పట్టుకెళ్ళాడు. ‘కొండ ట్యాంకు వాల్వు పాడైనందున నీళ్ళు రావడం లేదు. కొత్తది రాగానే వేస్తాం. అత్యవసరమైతే ఈ నంబరుకు ఫోన్ చేస్తే ట్యాంకరు పంపుతాం’ అని మూడు వాక్యాలు, కింద నంబరు.

కమిషనర్ గారు మొహం చిట్లించారు. “ఇది చదువుటకు ఎంతసేపు పట్టును?”

“క్షణం పడుతుందండీ.”

“క్షణములో పౌరుడు వెళ్ళిపోవును గదా! వచ్చినవారు ఎంతసేపు ఉన్నారన్నది పరిగణించబడునని సర్క్యులర్‌లో ఉన్నది. పౌరుని కూర్చుండబెట్టవలెను.”

రిత్విక్ కూడా తల ఊపాడు. అతనికి ఆ వారంలోనే ఆఫీసు నీళ్ళు పడ్డాయి. “అవును సార్, జవాబు మొదట్లోనే ఇచ్చేస్తే కిందికి ఎవరు దిగుతారు? ఫోన్ నంబరు అన్నిటికన్నా అడుగున పెడదాం. వీలైతే వేరే పేజీలో పెట్టి, దానికి దారి ఇంకో పేజీలో ఇద్దాం.”

పరాంకుశం తిరిగి రాయడం మొదలుపెట్టాడు. మొదట బాధగా ఉండేదట. రెండోరోజు నుంచి చెయ్యి తిరిగింది. మూడోరోజుకు ఆపడం కష్టమైంది. వీడ్కోలుపత్రాలు రాసిన కలం కదా.

ఆ వారాంతంలో పరాంకుశం వాళ్ళింట్లో కుళాయి మళ్ళీ గాలి ఊదింది. ఆయన భార్య గోదాదేవి ఖాళీ బిందె పక్కన పెట్టుకుని ఫోన్‌లో ‘చింతలవాగు నీళ్ళు ఎప్పుడొస్తాయి’ అని కొట్టింది. మొట్టమొదటే పురపాలక సంఘం పేజీ వచ్చింది. ఆవిడ సంబరపడి, మొగుడికి కూడా వినబడేట్టు పైకి చదివింది.

“‘చింతలవాగు నీళ్ళు ఎప్పుడొస్తాయి అని మీరు వెతుకుతున్నారా? చింతలవాగులో నీళ్ళు ఎప్పుడొస్తాయి అని ఎంతోమంది వెతుకుతున్నారు. చింతలవాగులో నీళ్ళు ఎప్పుడొస్తాయి అనేది తెలుసుకునే ముందు, అసలు నీళ్ళు అంటే ఏమిటో తెలుసుకుందాం. నీళ్ళు ఒక ద్రవపదార్థం. నీళ్ళతో స్నానం చేయవచ్చు. నీళ్ళను తాగవచ్చు కూడా...’ ఏమండీ, ఇదేంటండీ?”

పరాంకుశం పేపరు అడ్డం పెట్టుకున్నాడు. “చదువు, కిందికి వెళ్ళు.”

ఆవిడ కిందికి వెళ్ళింది. నీళ్ళ చరిత్ర అయింది. బిందెల్లో రకాలు అయ్యాయి. నీళ్ళు రాకపోవడం వల్ల కలిగే లాభాలు అనే శీర్షిక వచ్చింది. అందులో భుజాలకు వ్యాయామం, ఇరుగుపొరుగుతో స్నేహం ఉన్నాయి. ‘ముగింపు: చింతలవాగులో నీళ్ళు ఎప్పుడొస్తాయో ఇప్పుడు మీకు తెలిసింది కదా!’ అన్న వాక్యం దగ్గర ఆవిడ ఫోన్ కింద పెట్టింది.

“ఇది రాసినవాడి ఇంట్లో కుళాయి లేదాండీ?”

“ఉండే ఉంటుందిలే” అన్నాడు పరాంకుశం పేపరు వెనకనుంచి.

“అయితే పెళ్ళాం లేదేమో” అని ఆవిడ బిందె చంకనేసుకుని వీధి చివర చేతిపంపు దగ్గరికి పోయింది.

సైట్ మాత్రం పైపైకి వెళ్ళింది. నీళ్ళు రానివాళ్ళు వెతికారు, దొరికింది చదివారు, జవాబు దొరక్క పక్క పేజీకి పోయారు, అక్కడా దొరక్క ఇంకో పేజీకి పోయారు. కమిషనర్ గారి గదిలో పెద్ద టీవీ పెట్టారు. దాని మీద ఒక గీత కొండెక్కుతున్నట్టు ఎక్కుతుండేది. ఆయన కాఫీ తాగుతూ దాన్నే చూసేవారు. “పౌరులకు పురపాలక సంఘముపై ఇంతటి ఆదరణ మునుపెన్నడును లేదు” అనేవారు.

అయితే ఒక చిక్కొచ్చింది. ఇంకా కొందరు జనం పాతకాలం మనుషుల్లా నేరుగా ఆఫీసుకు వచ్చి ఫిర్యాదు చేస్తున్నారు. అలా వచ్చినవాళ్ళు లెక్కలోకి రారు. వాళ్ళు నెట్‌లో వెతికి రావలసినవాళ్ళు, నడిచి వచ్చి వృథా అవుతున్నారు. కమిషనర్ గారు ఫిర్యాదుల కిటికీ మూయించి, గేటు దగ్గర అటెండరు ఏసురత్నాన్ని నిలబెట్టారు.

బస్టాండు పక్కన ఇడ్లీబండి పెట్టుకున్న మస్తానమ్మ ఆ మొదటిరోజే వచ్చింది.

“ఆగు పిన్నీ,” అన్నాడు ఏసురత్నం. “వెతికి వచ్చావా, ఊరికే వచ్చావా?”

“ఏందిరా వెతికేది? ఆఫీసు ఈడే ఉండిద్దని పుట్టిన కాడ్నించి తెలుసు గదా నాకు.”

“అట్టా కాదు. ఫోన్లో వెతికి, సైట్లోకి పోయి, ఆడ చదువుకుని రావాలంట. నేరుగా వస్తే రానీయొద్దని సార్ ఆర్డరు.”

“నీళ్ళు లేక పిండి రుబ్బుకోను కూడా దిక్కులేకపోతే, ఫోన్లో చదువుకోమంటావేందిరా?”

“నన్ను తిట్టబాక పిన్నీ. నేనూ పొద్దున నా జీతం సంగతి అడగబోతే లోపలికి రానీలా. వెతికి రమ్మన్నారు.”

చివరికి ఎవరిదో ఫోన్ తీసుకుని ఏసురత్నమే ఆమె తరపున వెతికి, పేజీ తెరిచి చూపించి, లోపలికి పంపాడు. లోపల ఫిర్యాదుల కిటికీ మూసి ఉంది. దాని మీద ‘మీ ఫిర్యాదు కోసం మా సైట్ చూడండి’ అని రాసిన అట్ట వేలాడుతోంది.

రెండోవారంలో కమిషనర్ గారు వార్డువారీ లెక్కలు తెప్పించి చూసి, ఏఈని పిలిపించారు. “రైలుగేటు కాలనీ పేజీకి ఒక్క సందర్శకుడును లేడు. ఈ వెనుకబాటుతనమునకు కారణమేమి?”

“ఆ కాలనీకి కొండ ట్యాంకు లైను కాదు సార్. సొంతంగా పాత బోరుంది. వాళ్ళకి రోజూ నీళ్ళొస్తాయి. అందుకని ఎవరూ వెతకరు.”

“ఊరంతయు వెతుకుచుండగా ఒక్క కాలనీ వెతకకుండుట సామాజిక న్యాయమా?”

కరీమున్నీసాకు ఆయన వేళాకోళమాడుతున్నారేమో అనిపించి నవ్వబోయింది. ఆయన నవ్వలేదు. మర్నాడు రైలుగేటు కాలనీ బోరు మోటారుకు ‘సమానత్వ సర్దుబాటు’ పేరిట ఫ్యూజు పీకించారు. ఆ సాయంత్రానికే కాలనీ పేజీ కళకళలాడింది. వెనుకబడిన ప్రాంతాన్ని ప్రధాన స్రవంతిలోకి తెచ్చామని కమిషనర్ గారు పత్రికలవాళ్ళకు చెప్పారు. వాళ్ళు వేశారు కూడా.

ఆ రోజే కరీమున్నీసా జనన మరణాల విభాగానికి వచ్చి పరాంకుశం ఎదుట కూర్చుంది.

“సార్, నాకొక సాయం చెయ్యండి. వాల్వు ఫైలు ఎన్నిసార్లు పంపినా తిరిగి రావట్లేదు. ‘వాల్వు’ అన్న మాట కనబడితే ఆయన పక్కన పెట్టేస్తారు. మీ భాషలో ఒక ముక్క రాసివ్వండి.”

పరాంకుశం కాసేపు కలం నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. ఫైలు మీద పాత పేరు కొట్టేసి కొత్తది రాశాడు: ‘వెబ్‌సైట్ వృక్షంలోని నీళ్ళ శాఖకు నిరంతర ప్రవాహం కల్పించు పరికరం గురించి.’

ఫైలు ఆ మధ్యాహ్నమే సంతకమై వచ్చింది. కింద ఎర్రసిరాతో ‘మిక్కిలి అత్యవసరం’ అని కూడా ఉంది.

వాల్వు వచ్చింది. కరీమున్నీసా కొండ మీద మనుషులతోపాటు ఎండలో నిలబడి పాతది తీయించి కొత్తది వేయించింది. తెల్లారేసరికి ఊళ్ళో కుళాయిలు దగ్గి, తుప్పు కక్కి, ఆపైన తెల్లటి ధార పోశాయి. గోదాదేవి ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నింపి, గిన్నెలు అయిపోతే పూలకుండీలు కూడా నింపింది. బోరు గురించి కాలనీవాళ్ళు గొడవచేస్తే, కరీమున్నీసా ఆ ఫ్యూజు కూడా పెట్టించింది. మస్తానమ్మ ఆ రోజు ఇడ్లీలతోపాటు చాలారోజుల తర్వాత పలుచటి సాంబారు పోసింది. పలుచనైనందుకు ఎవరూ ఏమీ అనలేదు.

కమిషనర్ గారి గదిలో టీవీ మీద గీత కొండ మీదినుంచి కాలుజారి పడ్డట్టు పడింది.

అత్యవసర సమావేశం పెట్టారు. “పౌరులకు మన యందు ఆసక్తి సన్నగిల్లినది,” అన్నారాయన, ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టి. “రేపటినుంచి మూల్యాంకనము. రాజధాని వారు గమనించు తరుణమున ఈ పతనము సంభవించుటకు బాధ్యులెవరు?”

“నీళ్ళు వచ్చాయి సార్,” అంది కరీమున్నీసా. “అందుకని వెతకట్లేదు.”

“ఎవరి అనుమతితో వచ్చినవి?”

“మీరే సంతకం పెట్టారు. మిక్కిలి అత్యవసరం అని కూడా రాశారు.”

కమిషనర్ గారు ఫైలు తెప్పించుకుని చదివారు. పరాంకుశం తలవంచుకుని నేల చూశాడు. చదవడం అయ్యాక ఆయన ఫైలు మూసి, “మూల్యాంకనము ముగియువరకు సదరు వాల్వును మూసివేయవలెను” అన్నారు.

“ఎండలు చూశారా సార్? ప్రభుత్వ ఆస్పత్రికి కూడా అదే లైను. కాన్పుల వార్డుంది.”

“మంచిదే. ఆస్పత్రి పేజీకి కూడా సందర్శకులు పెరుగుదురు.”

కరీమున్నీసా లేచి నిలబడింది. “నేను మూయను సార్. మీరు రాతపూర్వకంగా ఇచ్చినా మూయను.”

“అటులైన మీకు మెమో, వాల్వుకు తాళము” అన్నారు కమిషనర్ గారు. రెండూ ఆ పూటే జరిగిపోయాయి. ఆయన స్వయంగా కొండెక్కి, వాల్వు చక్రానికి గొలుసు చుట్టి తాళం వేయించి, పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఆ ఫొటో సైట్‌లో ‘నీటి వనరుల పరిరక్షణ’ కింద పెట్టారు.

గీత మళ్ళీ కొండెక్కసాగింది. ఊరు మళ్ళీ బిందెలతో వీధిన పడింది.

ఆ మధ్యలో ఒకరోజు జనన ధ్రువపత్రాల పని మీద పరాంకుశం ఆస్పత్రికి వెళ్ళాడు. మెట్ల మీద మస్తానమ్మ రెండు నీళ్ళ డబ్బాలు దించుకుని ఆయాసపడుతూ కూర్చుని ఉంది. కూతురికి ముందురోజే కాన్పయింది. లోపల కుళాయిల్లో చుక్క లేదు. పక్క వీధి హోటలువాడిని బతిమాలి డబ్బాలు పట్టుకొస్తోంది. ఆమెకు పరాంకుశం ఎవరో తెలియదు. చొక్కా జేబులో కలం చూసి పిలిచింది.

“అయ్యా, చదువుకున్నోడిలా ఉన్నావు. మా అల్లుడి ఫోను ఇది. నీళ్ళ సంగతి ఇందులో రాసుండిద్దని అందరూ అంటన్నారు. నాకు చదవను రాదు. ఎప్పుడొస్తాయో కాస్త చూసి పెట్టు నాయనా. పసిబిడ్డకి నీళ్ళు పోయాల.”

పరాంకుశం ఫోన్ తీసుకున్నాడు. పేజీ అప్పటికే తెరిచి ఉంది. ‘ఆస్పత్రిలో రాని నీళ్ళు’ అనే పేజీ. రాసింది ఆయనే. “ఇందులో ఏం లేదమ్మా” అనేసి వెళ్ళిపోవచ్చు. కానీ ఆమె మొహం చూస్తూ ఆ మాట అనలేకపోయాడు. చదవడం మొదలుపెట్టాడు.

‘ఆస్పత్రిలో నీళ్ళు ఎప్పుడొస్తాయి అని మీరు వెతుకుతున్నారా?’

“ఆఁ, అదే, అదే” అంది మస్తానమ్మ ముందుకు వంగి.

‘ముందుగా ఆస్పత్రి అంటే ఏమిటో తెలుసుకుందాం...’

ఆమె మధ్యలో ఆపలేదు. బళ్ళో పిల్లలా శ్రద్ధగా విన్నది. ప్రతి పేరా చివరా జవాబు వచ్చేస్తుందన్నట్టు తల ఊపింది. తన వాక్యాలు ఇంత పొడుగున్నాయని ఆయనకు అప్పటిదాకా తెలియదు. చివరి మాట చదివి ఆగాడు.

“అయిపోయిందా?”

“అయిపోయిందమ్మా.”

“ఎప్పుడొస్తాయో చెప్పలా?”

“చెప్పలేదు.”

మస్తానమ్మ ఫోన్ తీసుకుని, తెర మీద అక్షరాలను ఒకసారి చూసింది. “ఇంత రాసినోడు ఆ ఒక్క ముక్కా రాయలేకపోయాడా” అంది. తిట్టలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. డబ్బాలు ఎత్తుకుని లోపలికి పోయింది.

పరాంకుశం ధ్రువపత్రాల పని మరిచిపోయి ఆఫీసుకు తిరిగొచ్చాడు. సైట్ తెరిచి, రాని నీళ్ళ కొమ్మ మొదట్లో ఉన్నదంతా చెరిపేసి కొత్తగా రాశాడు.

‘చింతలవాగులో నీళ్ళు ఎందుకు రావడం లేదు? కొండ మీద ట్యాంకు నిండుగా ఉంది. కొత్త వాల్వు బాగుంది. వెబ్‌సైట్ల పోటీలో మనం గెలవడం కోసం కమిషనర్ గారు దానికి తాళం వేయించారు. పోటీ అయ్యేదాకా తీయరు.’

చదివి చూసుకున్నాడు. ఒక్క మాట కూడా కలపాలనిపించలేదు. సైట్‌లో పెట్టేశాడు.

గంటలో ఊరంతా ఆ పేజీ చూసింది. సాయంత్రానికి జిల్లా చూసింది. మర్నాటికి రాష్ట్రం చూసింది. టీవీ మీద గీత తెర అంచు దాటుతుంటే, ఆ పేజీ తీయించడానికి కమిషనర్ గారికి మనసొప్పలేదు. ఇది ఎవరో ఆకతాయి పనేమో అనుకుని, కింద పురపాలక సంఘం గుర్తు చూసి, నమ్మలేక మళ్ళీ మొదటినుంచి చదివారు. రిత్విక్ హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. “సార్, ఏం రాశారు సార్! ఇంత ట్రాఫిక్ నా సర్వీసులో చూడలేదు!” అని అరిచి, ఆపైన పేజీ చదివి, ఫోన్ పెట్టేశాడు.

ఆడవాళ్ళు ఫోన్ చూసి ఊరుకోలేదు. మస్తానమ్మ రోకలి భుజాన వేసుకుని కొండ దారి పట్టింది. వెనక ఆమె వీధి, ఆ వెనక తమ ఫ్యూజు సంగతి మరిచిపోని రైలుగేటు కాలనీ, ఆ వెనక గోదాదేవి. తాళం రెండు పోట్లు ఓర్చుకుంది. మూడోదానికి ఊడింది. చక్రం తిప్పడం ఎవరికీ తెలియకపోతే, అటూ ఇటూ నలుగురు పట్టి తిప్పారు. కొండ కింద ఊళ్ళోంచి కేకలు వినబడ్డాక ఆపారు.

మూల్యాంకనం ముగిసింది. ఫలితాలు వచ్చాయి. రాష్ట్రంలో మొదటి స్థానం చింతలవాగుది. సందర్శకుల లెక్కలో దరిదాపుల్లో ఎవరూ లేరు. పేజీలో గడిపిన సమయంలో కూడా మనమే మొదట. అంత చిన్న పేజీ మీద జనం అంతసేపు ఎందుకు నిలిచారో రాజధాని వారికి అర్థం కాలేదు. పేజీలో ఏం రాసి ఉందో చదవడం వాళ్ళ మూల్యాంకన పద్ధతిలో లేదు.

చిదంబరేశ్వరరావు గారు శాలువా కప్పించుకున్నారు. “సంక్షిప్తత, స్పష్టత, పౌరునితో మమేకత, ఇవే మా విజయసూత్రములు” అని ప్రసంగించారు. రాష్ట్రంలోని సైట్లన్నిటికీ సలహాదారుగా పదోన్నతి మీద రాజధానికి వెళ్ళిపోయారు.

పరాంకుశానికి రాజధాని నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. అదే టపాలో, అదే పేజీ రాసినందుకు చార్జి మెమో కూడా వచ్చింది. రెండిటి మీదా ఒకే అధికారి సంతకం.

ప్రభుత్వ ఆస్తి అయిన తాళాన్ని పగలగొట్టినందుకు విచారణాధికారి వచ్చాడు. కొండ మీద వాల్వు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, ఆడవాళ్ళను పిలిపించి వరసగా నిలబెట్టాడు.

“ఈ వాల్వు తెరిచింది ఎవరు?”

“నేనే” అంది మస్తానమ్మ.

“నేనూ” అంది గోదాదేవి. తర్వాత వరసలో ఉన్నవాళ్ళందరూ అదే అన్నారు.

“అందరూ ఎలా తెరుస్తారమ్మా? ఒక్కరి పేరు చెప్పండి. నేను రాసుకోవాలి.”

“మూసినోడు ఒక్కడే గదయ్యా,” అంది మస్తానమ్మ. “ఆడి పేరు రాసుకో, సులువుగా ఉండిద్ది.”

విచారణాధికారి కలం మూసేశాడు. మూసినవాడు ఇప్పుడు సలహాదారు. తెరిచినవాళ్ళు ఊరంతా. ఎవరి పేరు రాసినా ఆయనకే ఇబ్బంది. చాలాసేపు ఆలోచించి, ‘సదరు వాల్వు తనంతట తానే తెరుచుకొన్నట్లు భావించడమైనది. కావున దానిని సాక్ష్యం నిమిత్తం ఊడదీసి కార్యాలయ స్వాధీనంలో ఉంచవలెను’ అని రాశాడు.

“వాల్వు ఊడదీస్తే గొట్టంలో ఖాళీ వస్తుంది సార్,” అంది కరీమున్నీసా.

“దానిని ఏదేని గొట్టపుముక్కతో పూడ్చండి.”

“అట్లా పూడిస్తే ఇక మూయడానికి ఏమీ ఉండదు. నీళ్ళు దిగుతూనే ఉంటాయి.”

“అది నా విచారణ పరిధిలోకి రాదు” అన్నాడాయన జీపెక్కుతూ.

కరీమున్నీసా ఆ ఆదేశాన్ని ఆయన మనసు మారేలోగా అమలుచేసింది. వాల్వు ఉన్నచోట గట్టి గొట్టపుముక్క వేసి బిగించింది. ఆ పని అయిన వారానికే ఆమెకు బదిలీ ఆర్డరు వచ్చింది, నీళ్ళు రాని మరో ఊరికి. వెళ్ళేముందు పరాంకుశం ఆమెకు వీడ్కోలుపత్రం రాస్తానన్నాడు. “రెండు వాక్యాలకి మించి రాయనంటేనే” అందామె. ఆయన రెండే రాశాడు.

పరాంకుశానికి ఒక ఇంక్రిమెంటు ఆపి, మళ్ళీ జనన మరణాలకు పంపారు. పోతూపోతూ సైట్‌లో రాని నీళ్ళ కొమ్మంతా నరికేసి, ఆ స్థానంలో ‘నీళ్ళు వస్తున్నాయి’ అని ఒక్క మాట పెట్టాడు.

కొత్త కమిషనర్ గారు వచ్చి ఛార్జి తీసుకున్న మొదటివారంలోనే ఆ పేజీ లెక్క తెప్పించుకున్నారు. అప్పటిదాకా దాన్ని ఒక్కరు కూడా తెరిచి చూడలేదు. రాష్ట్రంలో మొదటి స్థానం పొందిన సైట్ ఇంతలో ఈ దుస్థితికి ఎందుకు దిగజారిందో సంజాయిషీ ఇవ్వవలసిందిగా పరాంకుశానికి మెమో వచ్చింది. ఆయన ఆ మెమో అడుగునే ‘నీళ్ళు వస్తున్నందువల్ల’ అని రాసి సంతకం పెట్టి తిప్పి పంపాడు.